లోపించిన పగలు

ఉద్యోగ విరమణ చేసిన మా పెద్ద ఉపాధ్యాయులొకరు తమ అమెరికా యాత్రారచన వ్రాతప్రతిని నాకు పంపి, భాష సరిచూసి ముందుమాట రాయమన్నారు. నూట ఎనభై పేజీల పుస్తకం. అందులో డెబ్బై పేజీలు ఓడ ప్రయాణమే. ఫ్లారిడాలో ఉన్న కూతురూ అల్లుడూ ఆయన్నీ ఆయన భార్యనూ ఒకే విహారనౌకలో, ఒకదాని వెంట ఒకటిగా, రెండు యాత్రలకు పంపించారు. మొదటివారం తూర్పు కరీబియన్ దీవులు, రెండోవారం పశ్చిమ కరీబియన్. నడుమ ఒక ఆదివారం ఓడ బయలుదేరిన రేవుకే తిరిగివచ్చి, ఆ సాయంత్రమే మళ్లీ బయలుదేరింది. ఆ ఆదివారం గురించి ఆయన రాసినవి రెండే వాక్యాలు. పగలంతా ఓడ ఖాళీగా ఉన్నదనీ రాయదగిన విశేషమేమీ జరగలేదనీ ఒకటి. సాయంకాలం కొత్త ప్రయాణికులతో రెండో యాత్ర ప్రారంభమైందని మరొకటి.

ఆ రెండు వాక్యాలనూ నేను చదివాను. ఒకచోట దుష్టసమాసం ఉంటే ఎర్రసిరాతో దిద్దాను. పేజీ తిప్పేశాను. నేను దిద్దవలసినది అక్కడ మరొకటి ఉందని తెలియడానికి నాకు రెండు నెలలు పట్టింది. ఈ వ్యాసం ఆ ఆలస్యానికి సంజాయిషీ అనుకున్నా అభ్యంతరం లేదు.

ముందుగా ఒక మాట. ఆయన చూపులేని మనిషి కాదు. ఉపాధ్యాయ సంఘంలో కార్యదర్శిగా పనిచేసినవారు. సెయింట్ థామస్ దీవిలో దిగినప్పుడు, రేవు ఎదుట వరసగా ఉన్న నగల దుకాణాలను వదిలి, వాటి వెనకవీధుల్లో మనుషులెలా బతుకుతున్నారో చూడాలని ఎండలో నడిచి వెళ్లారు. ఆ దీవులను 1917లో అమెరికా డెన్మార్కు దగ్గర కొనుక్కున్న సంగతి చెప్పి, మనుషులతో సహా నేల చేతులు మారడం గురించి అరపేజీ రాశారు. పుస్తకం మొత్తంలో అంత బలమైన అరపేజీ ఇంకొకటి లేదు. తిండి గురించిన వర్ణనలు మాత్రం విసుగు పుట్టిస్తాయి. ఏడురోజుల భోజనాల పట్టిక యాత్రాసాహిత్యం కాదు. ఇక తాముండే గదిలో రోజూ రాత్రి మంచం మీద తువ్వాలుతో చేసిపెట్టిన ఏనుగు గురించి, కోతి గురించి, హంస గురించి ఒక పూర్తి పేజీ ఉంది. ఏనుగు తొండం ఎలా మడిచారో కూడా రాశారు. మడిచిన మనిషి ఎవరన్నది లేదు.

దీవిలో దోపిడీని చూడగలిగిన కన్ను ఓడలో ఎందుకు చూడలేకపోయింది? నన్ను పట్టుకున్న ప్రశ్న ఇది. దీనికి జవాబు ఆయన స్వభావంలో వెతికితే దొరకదనీ, ఈ తరహా రచన నడిచే పద్ధతిలోనే ఉందనీ నా అభిప్రాయం.

ఆ పగలంటే ఏమిటో తెలియనివారికి కొంత చెప్పాలి. ఓడపనివాళ్లు దాన్ని ‘టర్నరౌండ్ డే’ అంటారు. వారం తిరిగేసరికి ఓడ తెల్లవారుజామున రేవు చేరుతుంది. ఉదయం ఏడు మొదలుకొని పది పదిన్నర వరకు పాత ప్రయాణికులు దిగుతారు. వాళ్ల పెట్టెలు ముందురోజు రాత్రే గదుల బయట పెట్టించుకుని, రంగుచీటీల ప్రకారం రేవుషెడ్డుకు చేరుస్తారు. పదకొండు దాటేసరికి కొత్తవాళ్లు ఎక్కడం మొదలవుతుంది. నాలుగైదు గంటలకు ఓడ కదులుతుంది. ఈ లోగా గదులన్నీ కడిగి దుప్పట్లు మార్చాలి, వారానికి సరిపడా కూరగాయలు, మాంసం, సారా, నీళ్లసీసాలు ఫోర్క్‌లిఫ్టుల మీద లోపలికి చేరాలి, చెత్త బయటికి పోవాలి, ఇంధనం నింపాలి, కొత్తవాళ్లకు ప్రమాద సమయంలో ఎక్కడ నిలబడాలో చెప్పాలి. 2024 జనవరిలో మయామీ నుంచి తిరగడం మొదలుపెట్టిన ‘ఐకాన్ ఆఫ్ ది సీస్’ గరిష్ఠంగా 7,600 మంది ప్రయాణికులను మోయగలదు. సిబ్బంది 2,350 మంది. మా ఊరి జనాభా అంత లేదు. ఒక ఊరు ఊరంతా పొద్దున ఖాళీచేసి పోవడం, మధ్యాహ్నానికి ఇంకో ఊరు వచ్చి అవే మంచాలమీద పడుకోవడం – ఇంత పని జరిగే రోజును ‘విశేషమేమీ లేని రోజు’ అంటున్నాం.

మా పెద్దాయనలాగా రెండోయాత్రకు కూడా అక్కడే ఉండిపోయేవాళ్లు కొందరుంటారు. వాళ్ల చేతికి ‘ఇన్‌ట్రాన్సిట్’ అని రాసిన కార్డులిచ్చి ఒక హాల్లో కూర్చోబెడతారు. అమెరికా రేవుల్లో సాధారణంగా వీళ్లను కూడా ఒకసారి కిందికి దించి, పాస్‌పోర్టులు చూసి, ఓడలో ప్రయాణికుల లెక్క సున్నాకు వచ్చిందని తేల్చుకున్నాకే మళ్లీ ఎక్కిస్తారు. సున్నా అంటే ప్రయాణికులు సున్నా అని. ఆ సమయంలో ఓడలోపల వందలు, ఒక్కొక్కచోట వేలమంది మనుషులు పరుగులు తీస్తూ పనిచేస్తుంటారు. వాళ్లు ఆ సున్నాలోకి రారు. మా పెద్దాయన ‘ఖాళీ ఓడ’ అన్నమాట తనంత తాను కల్పించుకున్నది కాదు. రేవు లెక్కల పుస్తకం ఏ భాష మాట్లాడుతుందో ఆయనా ఆ భాషే మాట్లాడారు.

తెలుగు పంతులును కనుక నాకు సంధులు గుర్తుకొస్తాయి. రెండు పదాలు కలిసేటప్పుడు మొదటి పదం చివరి అచ్చు లోపిస్తుంది. లోపించిందంటే అది ఎప్పుడూ లేదని కాదు. విడదీసి రాయమంటే పిల్లవాడు దాన్ని తిరిగి తెచ్చి పెట్టాలి. పెట్టకపోతే మార్కు పోతుంది. ఆ ఆదివారం అలాంటి లోపమే. రెండు యాత్రలూ అతుకు కనబడకుండా కలవాలంటే ఆ పగలు మాయం కావాలి. దాన్ని మాయం చేయడమే ఆరోజు జరిగే పని. మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు గది తలుపు తీసిన కొత్త ప్రయాణికుడికి, పొద్దున ఎనిమిదింటిదాకా అక్కడ మరొకరు పడుకున్నారన్న జాడ ఒక్క వెంట్రుక రూపంలో కూడా కనబడకూడదు. యాత్రారచయిత ఆ పని ఫలితాన్ని యథాతథంగా నమ్మి, కాగితం మీద కూడా అదే పని కొనసాగిస్తున్నాడు.

ఇదంతా నాకు తెలిసింది పుస్తకాల వల్ల కాదు. పదో తరగతిలో నా దగ్గర చదువుకున్న కుర్రవాడొకడు విశాఖలో హోటల్ మేనేజిమెంటు చేసి, ఒక విహారనౌకల కంపెనీలో గదులు చూసేవాడిగా చేరాడు. ఎనిమిది నెలలు ఓడలో, రెండు నెలలు ఇంట్లో. ఆ మధ్య సెలవుకు వచ్చినప్పుడు మా ఇంటికొచ్చాడు. వ్రాతప్రతి బల్లమీద ఉంది. ఓడ అధ్యాయం తెరిచి ఇచ్చాను. నవ్వుతూ చదివాడు. తువ్వాలు ఏనుగు దగ్గర ఆగి, “దీనికి రెండు తువ్వాళ్లు కావాలండి, ఒకటని రాసేరు” అన్నాడు. ఆ ఆదివారం పేజీ వచ్చింది. “ఇదేటి మాస్టారూ, ఇక్కడ రెండు ముక్కలే రాసేరు? వారానికంతటికీ మాకు ఆ రోజే కదండీ” అన్నాడు.

అప్పుడు అడిగాను. చెప్పాడు. ముందురోజు రాత్రి పెట్టెలు లాగడం అయ్యేసరికి పన్నెండు దాటుతుంది. పొద్దున ఐదుకు లేస్తాడు. అతని కింద పద్దెనిమిది గదులు. దిగేవాళ్లు దిగుతుండగానే ఒక్కొక్క గదిలో చొరబడి, మంచాలమీద గుడ్డలన్నీ ఊడదీసి వరండాలో మూటలు కడతాడు. మూటలు నడుమెత్తు లేస్తాయి. తర్వాత స్నానాలగది, అద్దం, నేల, మళ్లీ కొత్త గుడ్డలు, చివరికి పైవాడి తనిఖీ. మంచం అడుగున ఏదైనా మిగిలిందా అని ప్రతి గదిలోనూ బోర్లా పడుకుని చూస్తాడు. పళ్లసెట్టు దొరికిన రోజుంది. తిండికి పావుగంట, కూర్చోడు, కూర్చుంటే లేవబుద్ధి కాదట. ఒకే గదిలో రెండోవారం కూడా ఉండేవాళ్లంటే అతనికి ఇష్టం, ఎందుకంటే ఆ గదిలో పని తక్కువ. “కానండీ, ఆళ్లకి ఆపూట ఎక్కడికెళ్లాలో తెలీదు. వరండాలో నిలబడి మమ్మల్నే చూస్తుంటారు. చూస్తన్నప్పుడు నవ్వాలి కదండీ. నవ్వితే పని ఆగిపోద్ది.”

ఆ ఒక్క వాక్యం కోసం నేను చాలా కథల్ని వదులుకుంటాను.

ఇంకా చెప్పాడు. ఆ రోజే ఒప్పందం ముగిసినవాళ్లు దిగిపోతారు, కొత్తగా చేరేవాళ్లు ఎక్కుతారు. ఏడు నెలలు ఒకే గదిలో పైమంచం కిందిమంచం పంచుకున్న స్నేహితుడు దిగిపోతుంటే వీడు పదకొండో గదిలో బోర్లా పడుకుని ఉన్నాడు. వీడ్కోలు చెప్పడానికి కుదరలేదు. ఆ మధ్యాహ్నమే ఆ మంచంమీదకి ఇంకో దేశపువాడు వచ్చాడు. విమానం దిగి వచ్చినవాడికి నిద్ర కళ్లు. సాయంత్రానికి యూనిఫారం తొడిగి పనిలో పెట్టారు. ప్రయాణికుడి గదికి జరిగినదే పనివాడి మంచానికీ జరుగుతోంది. ఒడ్డుకు దిగే వీలు ఎప్పుడో మూడు వారాలకొకసారి, గంటో గంటన్నరో. ఆ గంటలో ఇంటికి డబ్బు పంపాలి, సబ్బు కొనుక్కోవాలి, అమ్మతో మాట్లాడాలి. ఇక్కడ అప్పటికి అర్ధరాత్రి. ఆమె మేలుకునే ఉంటుందట.

విశ్రాంతికి చట్టం లేదా అని అడిగాను. ఉంది. 2006లో కుదిరి, 2013 ఆగస్టు 20 నుంచి అమలులోకి వచ్చిన అంతర్జాతీయ నావిక కార్మిక ఒప్పందం ప్రకారం 24 గంటల్లో 14 గంటలకు, వారంలో 72 గంటలకు మించి పనిచేయించరాదు. లేదా రోజుకు కనీసం 10 గంటలు, వారానికి 77 గంటలు విశ్రాంతి ఇవ్వాలి. రక్షణ ఇచ్చే చట్టమే వారానికి 72 గంటలు అంటున్నదని గమనించాలి. మనదేశం దాన్ని 2015లో ఆమోదించింది. ఈ ఓడలు తిరిగే ప్రధాన రేవులున్న అమెరికా ఆమోదించలేదు. చాలా ఓడల మీద ఎగిరేవి బహామాస్, పనామా, బెర్ముడా వంటి చోట్ల జెండాలు. విదేశీ జెండా కింద తిరిగే ఓడ అమెరికాలోని ఒక రేవునుంచి ఇంకో రేవుకు ప్రయాణికులను చేర్చరాదని 1886 జూన్‌లో అక్కడొక చట్టం చేశారు. అందుకే ప్రతియాత్రలోనూ మధ్యలో ఏదో ఒక పరాయి దేశపు రేవును ముట్టి రావాలి. ఎనిమిది గంటల పనికోసం షికాగోలో కార్మికులు నెత్తురు కార్చింది ఆ సంవత్సరం మేలోనే. ఒకే దేశం, ఒకే సంవత్సరం. ఓడ వ్యాపారులను కాపాడే చట్టం ఆ రేవుల్లో ఇప్పటికీ కచ్చితంగా అమలవుతున్నది. ఎనిమిది గంటలు మాత్రం ఓడ మెట్లెక్కలేదు.

ఈ రకం రచనలకు మచ్చుతునకగా ఇంగ్లీషులో చెప్పుకునేది డేవిడ్ ఫాస్టర్ వాలెస్ వ్యాసం. 1996 జనవరి ‘హార్పర్స్’ పత్రికలో వచ్చి, మరుసటి ఏడు పుస్తకంలో చేరింది. పత్రిక ఖర్చుతో ఫ్లారిడా రేవునుంచి ఏడు రాత్రుల యాత్ర చేసి రాసినది. విలాసాన్ని విలాసంగా మింగడానికి నిరాకరించిన వ్యాసం కనుక మన విద్యార్థులు చదవదగినదే. ఓడ ఎక్కేముందు రేవుషెడ్డులో గంటల తరబడి నిరీక్షణను ఆయన వదలకుండా రాశాడు. అంటే మనం చెప్పుకుంటున్న పగటిలో సగభాగం, ప్రయాణికుడి వైపు సగం, ఆయనకు దొరికింది. తాను అరగంటకు మించి గది వదిలితే చాలు, తిరిగొచ్చేసరికి గది శుభ్రమై ఉండటం ఆయన్ను వేధించింది. తన రాకపోకలు ఆ పనిమనిషికి ఎలా తెలుస్తున్నాయని పరీక్షలు కూడా పెట్టాడు. అధికారులంటే సిబ్బందికున్న భయాన్ని గుర్తించాడు.

ఇంతా చేసి ఆ రహస్యం ఆయనకు రహస్యంగానే మిగిలింది. ఎందుకంటే గది దగ్గరే కాపువేశాడు గాని, ఆమె వెంట ఆ వరండా చివరిదాకా నడవలేదు. ఆయన వ్యాసానికి కేంద్రం ఆయన మనస్సు. సేవలందుకునేవాడికి కలిగే సిగ్గు, దిగులు. అది నిజమైన సిగ్గే. అయితే సేవచేసేవాళ్లు ఆ సిగ్గుకు అద్దాలుగా మాత్రమే పనికొచ్చారు. ఆ ఓడ కంపెనీ ప్రచార పుస్తకంలో ఫ్రాంక్ కాన్రాయ్ అనే పేరున్న రచయిత డబ్బు తీసుకుని రాసిన పొగడ్త వ్యాసాన్ని, అది ప్రకటన అని చెప్పకుండా అచ్చువేసినందుకు వాలెస్ నిలదీశాడు. కాన్రాయ్ కూడా దాచకుండా ఒప్పుకున్నాడు. రచయిత అమ్ముడుపోవడం గురించి ఆ పేజీలు నాకు వ్యాసం మొత్తంలో ఎక్కువ నచ్చాయి. ఒక్కటే సందేహం. పైమాటు గదుల్లో కలాన్ని అమ్మినవాడి సంగతి అంత పట్టింపుగా తేల్చినవాడు, కిందిమాట్లలో ఒళ్లు అమ్ముకునేవాడి ఒప్పందపత్రం సంగతి ఎందుకు పట్టించుకోలేదు?

పనివాడి వైపునుంచి రేవుపూటను రాసిన నవల లేకపోలేదు. బి. త్రావెన్ ‘మృత్యునౌక’ 1926లో జర్మన్‌లో వెలువడింది. ఒక అమెరికన్ నావికుడు ఆంట్‌వెర్ప్ రేవులో ఒక రాత్రి ఒడ్డుకు దిగుతాడు. తెల్లారేసరికి అతని ఓడ వెళ్లిపోతుంది. నావికుడి కాగితాలు ఓడలోనే ఉండిపోయాయి. కాగితం లేనివాడు ఏ దేశానికీ మనిషి కాడు. ఒక దేశపు పోలీసులు ఇంకో దేశపు సరిహద్దు దాటిస్తూ పోతారు. చివరికి, భీమా డబ్బుకోసం ముంచడానికే సిద్ధంచేసిన ఓడలో బొగ్గు తోయడానికి చేరతాడు. ప్రయాణికుడికి తీరం ఒక వినోదం; నావికుడికి అదే తీరం తన ఉనికి కాగితం మీద ఎంతగా ఆధారపడి ఉన్నదో తెలియజెప్పే చోటు. నవల మధ్యలో ఉపన్యాసాలు ఎక్కువే. అయినా మా కుర్రవాడు తన పాస్‌పోర్టు ఓడ ఆఫీసులో ఉంటుందనీ, ఒక్క కార్డుముక్క పట్టుకుని ఒడ్డుకు దిగుతాననీ చెప్పినప్పుడు, బయలుదేరే వేళకు గంట ముందే పరుగెత్తుకొచ్చి ఎక్కుతాననీ చెప్పినప్పుడు, త్రావెన్ పుస్తకానికి వందేళ్లు నిండాయంటే నమ్మబుద్ధి కాలేదు.

అంతదూరం వెళ్లడం దేనికి? మన తొలి యాత్రారచన ఏనుగుల వీరాస్వామయ్య ‘కాశీయాత్ర చరిత్ర’. 1830 మే నెలలో చెన్నపట్నంలో బయలుదేరి 1831 సెప్టెంబరులో తిరిగివచ్చిన ప్రయాణం. పుస్తకం 1838లో అచ్చయింది. ఆయన పల్లకీలో వెళ్లిన మనిషి, సుప్రీంకోర్టులో పెద్ద ఉద్యోగి. ఆయన దృక్పథాన్ని నేను మనదని చెప్పుకోను. కాని ఆ పుస్తకం మజిలీల పుస్తకం. ఏ ఊళ్లో దిగవచ్చు, నీళ్లున్నాయా, అంగళ్లున్నాయా, దారి రాయా ఇసుకా, ఏరు దాటడానికి ఏమి ఉన్నది అని పేజీ తర్వాత పేజీ. ఎందుకంత పట్టింపు? తన ప్రయాణం బోయీల భుజాల మీద నడుస్తున్నది. వాళ్లకు తిండీ నీళ్లూ నీడా దొరకని చోట పల్లకీ ఆగిపోతుంది. వాళ్లమీద దయతోనో కాదో తెలియదు గాని, ప్రయాణం దేనిమీద ఆధారపడిందో దాన్ని దాచే వసతి ఆయనకు లేదు. మజిలీ ఆయనకు రెండు ప్రయాణాల మధ్య ఖాళీ కాదు, ప్రయాణానికి షరతు. దాదాపు రెండువందల ఏళ్ల తర్వాత మా పెద్దాయన ఆ వంశంలోనే పుట్టిన పుస్తకం రాస్తూ మజిలీని వదిలేశారు. ఆయనకు మోసేవాళ్ల భుజాలు కనబడకుండా ఏర్పాటు చేశారు మరి. ఏడు అంతస్తుల కింద పెట్టారు.

ఆ పగలు ఖాళీ కాదనడానికి 2020 ఒక సాక్ష్యం మిగిల్చింది. బెర్ముడా జెండా కింద తిరుగుతున్న ‘గ్రాండ్ ప్రిన్సెస్’ ఓడ ఫిబ్రవరి 11న శాన్‌ఫ్రాన్సిస్కోలో బయలుదేరి మెక్సికో వెళ్లి 21న తిరిగి చేరింది. ఆ రోజే హవాయికి రెండోయాత్ర మొదలుపెట్టింది. మొదటి యాత్ర చేసినవాళ్లలో 68 మంది ప్రయాణికులు ఓడలోనే ఉండిపోయారు. 1,111 మంది సిబ్బందిలో అత్యధికులు కూడా వాళ్లే, అదే ఓడ. మొదటి యాత్ర ముగించి ఇంటికి వెళ్లిన ఒక ప్రయాణికుడు కోవిడ్‌తో చనిపోయినట్టు మార్చి 4న కాలిఫోర్నియాలో ప్రకటించారు. అప్పటికి ఓడ రెండోయాత్రలో సముద్రంమీద ఉంది. మరునాడు హెలికాప్టరులో పరీక్ష సామగ్రి దించారు. 45 మందిని పరీక్షిస్తే 21 మందికి వ్యాధి ఉన్నట్టు తేలింది. వాళ్లలో 19 మంది సిబ్బంది, ఇద్దరు ప్రయాణికులు. మార్చి 9న ఓడ ఓక్లండ్ రేవు చేరింది. ప్రయాణికులను దించి సైనిక స్థావరాలకు తరలించారు. సిబ్బందిలో ఎక్కువమందిని ఓడలోనే ఉంచేశారు.

అమెరికా ప్రభుత్వ ఆరోగ్యసంస్థ ఈ సంఘటనపై ఒక నివేదిక ప్రచురించింది. యాత్రలకు ‘ఎ’, ‘బి’ అని పేర్లు పెట్టి, ఒకదాన్నుంచి ఇంకొకదానిలోకి ఎవరెవరు, ఎంతమంది సాగారో లెక్కచెప్పింది. పొడి నివేదిక. అలంకారం లేదు. అయినా డెబ్బై పేజీల వర్ణన చేయని పని అది చేసింది: రెండు యాత్రల మధ్యన ఉండిపోయిన మనుషుల్ని లెక్కపెట్టింది. అవసరం అటువంటిది. రోగం అడిగింది కనుక లెక్కపెట్టారు. ఫిబ్రవరి 21న ఆ ఓడలో దుప్పట్లు మార్చినవాళ్ల గురించి, వరండాలో నిలబడి చూసిన ఆ అరవై ఎనిమిది మంది గురించి తలచుకున్నప్పుడల్లా, ఆ పూట ఎవరైనా డైరీ రాసి ఉంటే అందులోనూ ‘ఇవాళ విశేషమేమీ లేదు’ అనే రాసి ఉండరా అనిపిస్తుంది.

ఇంతవరకు ఇతరుల రచనల మీద చెప్పాను. న్యాయంగా నా సంగతి కూడా చెప్పాలి. 2022 జూన్‌లో చెన్నై నుంచి విహారనౌక మొదటిసారి విశాఖ వచ్చినప్పుడు నేను సముద్రపు ఒడ్డున నిలబడి చూశాను. తెల్లని మేడ నీళ్లమీద తేలివచ్చినట్టుంది. మరుసటి ఏడు సెప్టెంబరులో అక్కడ అలాంటి నౌకలకోసం ప్రత్యేక టెర్మినల్ కూడా తెరిచారు. ఆ కోస్తా నుంచే ఒకప్పుడు మా ప్రాంతపు జనం ఓడ డెక్కుల మీద కిక్కిరిసి రంగూన్ కూలికి వెళ్లారు. మా మామ్మ ఆ ఊరిని ‘రంగం’ అనేది. ఆ ఓడనూ ఈ ఓడనూ కలిపి ఆ రాత్రే కథ రాసేశాను. మా గోష్ఠిలో చదివితే మిత్రులు మెచ్చుకున్నారు. అందులో ఓడపనివాడు సాయంత్రం కటకటాల దగ్గర నిలబడి, సముద్రం వైపు చూస్తూ, తల్లిని తలచుకుని కన్నీరు పెట్టుకుంటాడు.

మా కుర్రవాడికి ఆ కథ కూడా ఇచ్చాను. మర్యాదగా చదివాడు. చివరికొచ్చేసరికి నవ్వు ఆపుకోలేకపోయాడు. “సముద్రం చూడ్డానికి ఖాళీ ఎక్కడిదండీ? నా గది అడుగున ఉంటాది, కిటికీ లేదు. పైన రెయిలింగు కాడ మేము నిలబడకూడదు. ఏడుపొస్తే లాండ్రీ కాడికి పోతాం మాస్టారూ, అక్కడ మిషన్ల చప్పుడుకి వినపడదు” అన్నాడు.

వాలెస్ వరండా చివరిదాకా నడవలేదని రాసిన చేత్తోనే ఈ మాటా రాస్తున్నాను. నేను ఓడలోకే వెళ్లలేదు. నా సానుభూతి చాలుననుకున్నాను. మన అభ్యుదయ కథల్లో శ్రామికుడు తరచుగా ప్రయాణికుడి స్థలంలో నిలబడి దుఃఖిస్తుంటాడు. అతడు నిజంగా ఉండే స్థలం రచయితకు తెలియకపోవడం వల్ల. ఆ లాండ్రీ, ఆ చప్పుడు, తువ్వాలు ఏనుగుకు రెండు తువ్వాళ్లు, పదకొండో గది మంచం అడుగు – ఇవి వస్తువుకు అద్దిన అలంకారాలు కావు, ఇవే వస్తువు. వర్గదృక్పథం ఉన్నంత మాత్రాన ఇవి దొరకవు. అడిగితే దొరుకుతాయి. నా దగ్గర చదువుకున్నవాడిని నేనే ఎనిమిదేళ్ల తర్వాత, అదీ అతనే మా ఇంటికొస్తే, అడిగాను.

అతడు చెప్పినవాటిలో నా సిద్ధాంతానికి ఒదగనివి కూడా ఉన్నాయి. ఏజెంటుకు కట్టిన అప్పు తీరింది, చెల్లెలి పెళ్లయింది, మళ్లీ వెళ్తానన్నాడు, వెళ్లాడు కూడా. ఆ ఆదివారం సాయంత్రం, చిట్టచివరి గది తలుపు వేసి, తాళంకార్డు జేబులో వేసుకుని, కొత్తవాళ్ల పెట్టెలు రావడానికి ముందు దొరికే పదినిమిషాల్లో పద్దెనిమిది గదులూ వరసగా చూసుకుంటే తనకు ఒక రకమైన గర్వంగా ఉంటుందన్నాడు. ఆ గర్వాన్ని ఏ పరాయీకరణ సూత్రం కింద వేయాలో నాకింకా తేలలేదు. కొట్టివేయడానికి మాత్రం నేను సిద్ధంగా లేను.

ముందుమాటకు బదులు మా పెద్దాయనకు ఒక ఉత్తరం రాశాను. ఆ ఆదివారం పొద్దున ఎన్నింటికి లేచారు, హాల్లో ఎంతసేపు కూర్చున్నారు, గదికి తిరిగి వచ్చేటప్పుడు వరండాలో ఏమి కనబడింది, మీ గది చూసే మనిషి పేరేమిటి – ఇలా ఓ పది ప్రశ్నలు. ఆయన ఫోన్ చేశారు. “ముందుమాట రాయవయ్యా అంటే ప్రశ్నపత్రం పంపావేమిటి?” అని కేకలేశారు. తర్వాత నెమ్మదించారు. హాల్లో కాఫీ ఆలస్యమైందని ఎవరినో కసురుకున్నట్టు మాత్రం గుర్తుందన్నారు. ఇంకేమీ గుర్తులేదన్నారు.

పక్కనుంచి ఆయన భార్య గొంతు వినిపించింది. పుస్తకం మొత్తంలో ఆవిడ ఒక్కచోట కూడా మాట్లాడదు. వరండాలో దుప్పట్ల మూటలు దాటలేక తాను ఆగిపోతే, ఆ అబ్బాయి చెయ్యి అందించాడనీ, ఆ చెయ్యి తడిగా ఉందనీ చెబుతున్నది. ఇండోనేషియా అబ్బాయి. పేరు చెప్పింది. మూడేళ్ల కూతురుందట, ఫోటో చూపించాడట.

ఆయన కాసేపు మాట్లాడలేదు. ఆ అధ్యాయం వెనక్కి పంపమన్నారు. మరునాడే పంపాను. ఆవిడ చెబుతుంటే తాను రాసుకుంటున్నానని మొన్న ఒక కార్డు వచ్చింది. వ్రాతప్రతి ఇంకా నాకు తిరిగి రాలేదు.